సగం తెరిచిన పుస్తకాలు

ఎవరైనా నా ఎదుట "ఆ ప్రపంచ సంస్థలో మన దేశం మొదటినుంచీ ఉంది తెలుసా" అని గొప్పగా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉంటే ఉండనీ, మాకేం ఒరిగింది? దేశాలన్నీ చదువు కోసం, సంస్కృతి కోసం కలిసి పెట్టుకున్న సంస్థ అది. దాని పెద్ద కచేరీ పారిస్‌లో. దానితో ఉత్తరాలు నడపడానికి ఢిల్లీలో ఒక సంఘం. ఢిల్లీ కింద భువనేశ్వరం, భువనేశ్వరం కింద కోరాపుట్, కోరాపుట్ కింద బ్లాకు ఆఫీసు, బ్లాకు ఆఫీసు కింద నేను. నా కింద రామనగుడ పక్క పల్లెలో చాపల మీద కూర్చున్న పద్నాలుగుమంది ఆడవాళ్ళు. పారిస్‌లో ఎవరో దగ్గితే మాకో ఫారం వచ్చేది. మేం గొంతు చించుకున్నా పైకి వినపడేది కాదు.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడాదే నేను కోరాపుట్‌లో పుట్టాను. ఇల్లు కదలకుండానే మేం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి వెళ్ళిపోయామని నాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. ఆయన, అంతకుముందు మా తాతగారు, జమీ కచేరీలో రాతకోతలు చూసినవారు. మా ఇంట్లో కాగితమంటే భక్తి, భయం రెండూ ఉండేవి. నాన్నగారి బల్ల మీది కాగితం ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలి. మెట్రిక్ అయ్యాక వయోజన స్త్రీలకి చదువు చెప్పే ఉద్యోగం వస్తే, అమ్మ వద్దంది, నాన్నగారు వెళ్ళమన్నారు. స్వరాజ్యం వచ్చి పదేళ్ళు కావస్తున్న రోజులవి. ఒక ట్రంకు పెట్టె, ఒక గొడుగు పట్టుకుని రామనగుడలో దిగాను.

ఆ పల్లెలో ఉన్నవాళ్ళు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి పొలాలు చేసుకుంటున్న రైతులు. సంతలో ఒడియా గడగడా మాట్లాడతారు, ఇంటికొస్తే తెలుగే. వాళ్ళ ఆడవాళ్ళకి మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, ఒకరి ధాన్యపు కొట్టు వసారాలో పలకల మీద అక్షరాలు దిద్దించేదాన్ని. ఎవరి ఇంటి భాషలో వాళ్ళకి చదువు మొదలుపెట్టాలని ఆ ప్రపంచ సంస్థ చెప్పిందట. ఆ సంగతి చెబుతూ మాకొక సర్క్యులర్ వచ్చింది, ఇంగ్లీషులో. సర్క్యులర్‌తో పాటు అదే కట్టలో వాచకాలు వచ్చాయి, ఒడియాలో. ఏడవాలో నవ్వాలో తెలియక ఆ కట్ట ముందు కూలబడ్డాను.

అప్పటినుంచి మొదలైంది నా ఉత్తరాల యజ్ఞం. తెలుగు పుస్తకాలు కావాలి అని రాస్తే, ఒడియా పుస్తకాలు అందినట్టు రసీదు పంపమని జవాబు. రసీదు పంపి మళ్ళీ అడిగితే, మీ ఉత్తరం పైకి పంపాం అని జవాబు. పైకి అంటే ఎంత పైకో ఎవరూ చెప్పరు. బ్లాకు ఆఫీసు గుమాస్తా నన్ను చూస్తేనే బల్ల కింద పెన్సిలు వెతుక్కోవడం మొదలుపెట్టేవాడు. అయినా వదల్లేదు. ఏడాదిన్నర తరవాత గుణుపురం చిన్న రైల్లో ఒక చెక్కపెట్టె దిగింది. దాన్ని ఎద్దుబండి మీద తెచ్చుకున్నాను. అందులో నలభై పుస్తకాలు, పెద్ద అక్షరాల్లో, తేలిక తెలుగులో. ఆ సంస్థ సాయంతో మన దేశంలోనే అచ్చయినవి. వాటిని చూసి ఆ వసారాలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ఇక్కడే నేను చేసిన పని ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళందరినీ పిలిచి, పుస్తకాలు చూపించి, పెద్ద అధికారిలా గొంతు సవరించుకున్నాను.

"ఇవి ఊరి పుస్తకాలు కావు, దేశాల పుస్తకాలు. ఒక్క మరక పడకూడదు. ఒక్క కాగితం నలగకూడదు. పాడుచేస్తే మళ్ళీ పంపరు" అన్నాను.

ఆ మాట చెప్పమని నాకెవరూ చెప్పలేదు. ఏ కాగితంలోనూ లేదు. నాన్నగారి బల్ల దగ్గర నేర్చుకున్న భయాన్ని తెచ్చి వాళ్ళ నెత్తిన పెట్టాను, అంతే.

"ఓలమ్మా, సరస్వొతి తల్లి గదా! మాసిపోనిస్తామేటి?" అంది ఒక ముసలామె, నొచ్చుకుంటూ.

నిజంగానే మాయనివ్వలేదు. పాత చీరల ముక్కలతో ఒక్కో పుస్తకానికి తొడుగు కుట్టారు. మోచేతుల దాకా కడుక్కుని, పొడిగా తుడుచుకుని గాని కూర్చునేవారు కాదు. పుస్తకాన్ని పీట మీద పెట్టి, ఎండిన తాటాకు చీలికతో పేజీ తిప్పేవారు. పూర్తిగా విప్పితే కుట్టు తెగుతుందని సగమే తెరిచి, ఆ సందులోకి తలలు వంచి చదివేవారు. బయట చేరిన మూడు రోజులూ పుస్తకం ముట్టరు. అలాగని చదువు మానరు. గడపకి అవతల కూర్చుంటే, ఇవతలనుంచి ఇంకొకామె పుస్తకం ఎత్తి పట్టుకునేది. "కూసింత పైకెత్తే, నీ ఏలు అడ్డమొచ్చినాది" అని అక్కడినుంచి కేకలు. దూరం నుంచి చదవాల్సి వచ్చినందువల్లనేమో, ఆ మూడు రోజుల్లోనే వాళ్ళు గట్టిగా, స్పష్టంగా చదివేవారు. నాకు ముచ్చటేసి ఊరుకున్నాను. ఎంత మంచి పద్ధతో అని అమ్మకి ఉత్తరం కూడా రాశాను.

పుస్తకాల్లో ఎరువుగుంట ఎలా తవ్వాలి, నీళ్ళు ఎందుకు కాచుకోవాలి లాంటివి ఉండేవి. అవి మర్యాదకి చదివేవారు. అందరూ పోట్లాడి మరీ చదివింది వేరే దేశాల మనుషుల గురించి రాసిన పుస్తకం. అందులో ఒక దీవి మీద చేపలు పట్టుకునే కుటుంబం ఉంది. "ఆలు గూడా ఎండుసేపలు తింతారా పంతులమ్మా?" అని ఒకామె అడిగి, అవునంటే, "అయితే మనోలే" అని తేల్చేసింది. నా లెక్కలో దేశాల మధ్య సంబంధమంటే అదే. ఢిల్లీలో కాగితాల మీద సంతకాలు పెట్టుకున్నది కాదు.

వాళ్ళందరిలోకీ చురుకైనది ఒక ఇంటి చిన్నకోడలు. పందొమ్మిదేళ్ళుంటాయి. ఏడాది తిరక్కుండా నలభై పుస్తకాలూ చదివేసింది. ధాన్యం దంపుతూ కూడా పక్కన పీట మీద పుస్తకం సగం తెరిచి ఉంచుకునేది, పోటుకీ పోటుకీ మధ్య ఒక వాక్యం. పెట్టెతో పాటు వచ్చిన ఉత్తరంలో ఒక మాట ఉంది. ఏడాది చివర ఆ సంస్థ మనిషి స్వయంగా వచ్చి చూస్తాడు. చదువు బాగా సాగుతోందని అనుకుంటే కేంద్రం నిలబడుతుంది, పుస్తకాలు ఊళ్ళోనే ఉంటాయి, ఊరి ఆడవాళ్ళలో ఎవరికైనా సత్తా ఉంటే ఆమెనే పంతులమ్మని చేస్తారు. లేకపోతే మూసేస్తారు. ఇది చదివి చెప్పిన రోజున చిన్నకోడలు అందరూ వెళ్ళిపోయేదాకా ఉండి నా దగ్గరికి వచ్చింది.

"నాను సెప్పగలనంటారా?" అంది.

"నువ్వు కాకపోతే ఇంకెవరే అమ్మీ?" అన్నాను.

"నాను పంతులమ్మనైతే మాయత్త నన్ను ఏటని పిలుస్తాదో సూడాల" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాటినుంచి చిన్న పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టుకుని నాలాగే గొంతు సవరించుకుంటూ అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. నన్ను వెక్కిరిస్తోందా, నేర్చుకుంటోందా అని నాకే అనుమానం వచ్చేది.

సంస్థ మనిషి వచ్చే రోజు రానే వచ్చింది. నేను పొద్దున్నే వెళ్ళేసరికి వసారా గుడిలా ఉంది. అత్తలందరూ కలిసి తొడుగులు విప్పి, పుస్తకాలన్నీ పీటల మీద వరసగా పేర్చి, ఒక్కో అట్ట మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ముందు మందారపువ్వులు, సాంబ్రాణి పొగ. "అయ్యో, ఇదేమిటమ్మా!" అన్నాను. "పెద్దోలు వొస్తన్నారు గదా, ఉత్త పుస్తకాలు ఎలగ సూపిస్తాం?" అన్నారు. తుడిచేద్దామని చెయ్యి చాచానో లేదో, జీపు వచ్చేసింది.

దిగిన విదేశీయుడు పొడుగ్గా, చెమటలు కక్కుతూ ఉన్నాడు. చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. చెప్పులు వదిలి లోపలికి వచ్చాడు, అందరికీ నమస్కారం పెట్టాడు. ఆయన పక్కన భువనేశ్వరం నుంచి వచ్చిన అధికారి, ఆయనే దుబాసీ. అధికారికి ఇంటి భాష ఒడియా, తెలుగు సంతలో బేరమాడేటంత వచ్చు. వస్తూనే ఊరి పెద్దమగవాళ్ళని పిలిపించి ముందు వరసలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. మర్యాద అట. ఆడవాళ్ళు వెనక్కి, గోడవారకి జరిగిపోయారు. చదువుకున్నది వాళ్ళు, కూర్చున్నది వీళ్ళు!

విదేశీయుడు ఒక పుస్తకం తీసి మధ్యకి విప్పాడు. పుస్తకం చిటచిటమంది. కొత్త పుస్తకం మొదటిసారి పూర్తిగా విప్పితే కుట్టు అలాగే చప్పుడు చేస్తుంది. ఆయన ఇంకోటి విప్పాడు. అదీ చిటచిటమంది. పేజీలు తిరగేశాడు. మరక లేదు, మడత లేదు, వేలిముద్ర లేదు. అధికారి వైపు చూసి ఇంగ్లీషులో మెల్లిగా, "వీటిని ఎవరూ తెరవలేదు" అన్నాడు.

నాకు ఇంగ్లీషు వచ్చు కదా. "తెరిచారండీ, సగం తెరిచారు" అన్నాను. నేనన్నది నాకే పిచ్చిగా వినపడింది. అధికారి నా వైపు కళ్ళెర్రజేసి, "గురుమా, అడిగినప్పుడు చెప్పండి" అన్నాడు. ఒడియాలో పంతులమ్మని అలాగే పిలుస్తారు.

సరే, చదివించి చూద్దాం అన్నాడు విదేశీయుడు. నా ప్రాణం లేచొచ్చింది. చిన్నకోడలిని పిలిచాను. ఆమె పుస్తకం అందుకుని రెండడుగులు ముందుకి వేసి, తలెత్తి, ఠక్కున ఆగిపోయింది. ముందు బెంచీ మీద ఆమె పెద్ద బావగారు, అంటే మొగుడి పెద్దన్నయ్య, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఎదుట ఆ ఇంటి కోడళ్ళు నోరు విప్పరు. గొంతు కూడా వినపడనివ్వరు. ఒడియా ఇళ్ళలో ఈ కట్టుబాటు మరీ గట్టిది, మనవాళ్ళు ఆ గడ్డ మీదికి వచ్చాక వాళ్ళని మించిపోయారు. కొంగు ముక్కు దాకా లాక్కుని నిలబడిపోయింది. పెదవి కదలలేదు. ఇంకొకరిని పిలుద్దామంటే మిగతా కోడళ్ళ మామలూ బావలూ కూడా ఆ బెంచీల మీదే ఉన్నారు.

"సదువే అమ్మీ, ఒక్క ముక్క. నీ కోసమే గదా!" అన్నాను, నేను కూడా వాళ్ళ భాషలోకి వచ్చేసి. ఊహూఁ.

అధికారి దగ్గరికి వెళ్ళి, "సార్, మగవాళ్ళని పది నిమిషాలు బయటికి పంపండి" అన్నాను. "ఊరి పెద్దల్ని గెంటేయమంటారా? మేం ఎండ దిగేలోపు రాయగడ చేరాలి" అన్నాడు. నాకెంత కోపం వచ్చిందంటే, ఆ బెంచీనే తిరగేసి పారేద్దామనిపించింది. తిరగేసి ఉండాల్సింది. ఉద్యోగం గుర్తొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు లేచింది ఆమె అత్త. కోడలి మీద ఎవరో నింద వేస్తున్నారని అనుకుంది కాబోలు. "బాబూ, మా కోడలు అలాటిలాటి పిల్ల కాదు. పెద్దోల ముందు సచ్చినా నోరిప్పదు. ఊరంతా అడగండి!" అంది, రొమ్ము విరుచుకుని. ఆ తల్లి తన ఇంటి పరువంతా తెచ్చి ఆ విదేశీయుడి ముందు పోసింది. అధికారి దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు: "ఈమె నోరు విప్పదని అత్తగారే ఒప్పుకుంటోంది." విదేశీయుడు జాలిగా తలూపి, పాపం ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టవద్దు అన్నాడు. బొట్లు పెట్టిన పుస్తకాలకి ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

జీపు దుమ్ము సద్దుమణిగాక చూస్తే చిన్నకోడలు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. మగవాళ్ళు వెళ్ళిపోయారు కనక గొంతు వచ్చింది. ఆ పేజీ మొదటినుంచి చివరి దాకా చదివింది, ఏడుస్తూనే, ఒక్క తప్పు లేకుండా. వినవలసినవాళ్ళు ఎవరున్నారు అక్కడ? ఆ కోపం ఎవరి మీద చూపించుకోవాలో తెలియక అత్తగారి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ బిత్తరపోయి, "నానేటి తప్పు సెప్పేనమ్మా?" అంది.

నెల తిరక్కుండా కోరాపుట్ నుంచి నాకు తాఖీదు వచ్చింది. ఏడాది పాటు పుస్తకాలు వాడకుండా ఎందుకు ఉంచారు, సంజాయిషీ ఇవ్వండి అని. నేను ఉన్నదున్నట్టు రాశాను. మాయకూడదని వాళ్ళకి చెప్పింది నేనే, అందుకే సగం తెరిచి చదివారు, పరీక్ష రోజున మగవాళ్ళని ముందు కూర్చోబెట్టడం వల్ల చదవలేకపోయారు అని నాలుగు పేజీలు. పంపేముందు నాన్నగారికి చూపిద్దామని కోరాపుట్ వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "బాగా రాశావు. ఇది పంపావంటే నీ ఉద్యోగం పోతుంది" అన్నారు.

"నిజమే కదండీ రాశాను" అన్నాను.

"నిజమే. కాని ఇందులో నీ తప్పు ఒకటుంది, అధికారి తప్పు ఒకటుంది. రెండూ రాయకూడదు. నలభై ఏళ్ళు కచేరీలో చూశాను. పైకి రాసేటప్పుడు తప్పు ఎప్పుడూ ఊరిది. ఊరు ఎదురు అర్జీ పెట్టదు" అని, కొత్త కాగితం తీసి నా ముందు పెట్టారు.

నేను కాదనలేదు. ఆయన చెబుతూంటే రాశాను. 'స్థానిక స్త్రీలు తమ ఆచారాల కారణంగా పుస్తకములను పూజించిరే గాని చదువుటకు ముందుకు రాలేదు. పదేపదే చెప్పినను ఫలితము లేకపోయినది.' కింద నా సంతకం. అది రాస్తున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు. పెద్ద అపాయం తప్పిందని హాయిగా అన్నం తిన్నాను. ఆ తిన్న అన్నం ఇప్పటికీ నాకు అరగలేదు.

నా ఉద్యోగం నిలిచింది. కేంద్రం మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. నన్ను జిల్లాలో ఇంకో మూలనున్న కుందురకి మార్చారు. పుస్తకాలు రాయగడ ఆఫీసుకి పంపాలి, 'చదువరులు ఉన్నచోట' వాడుకుంటారట. సంస్థకీ మన దేశానికీ మధ్య నడిచిన ఉత్తరాల్లో మా పల్లె గురించి చేరిన సంగతి అదొక్కటే, నా వాక్యం. నేను తెలుగు పుస్తకాల కోసం రాసిన ఉత్తరాలు ఏడాదిన్నర ఎక్కడెక్కడో ఆగాయి. ఇది మాత్రం ఎక్కడా ఆగలేదు, చకచకా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పుస్తకాలు సర్దే రోజున ఆడవాళ్ళందరూ పొలాల్లో ఉన్నారు, నాట్ల కాలం. చిన్నకోడలు ఒక్కతే వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. ఆ స్థితిలో కూడా నూతి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి గాని పుస్తకం ముట్టలేదు. ఒక్కొక్కటే అందిస్తూంటే నేను పెట్టెలో పెడుతున్నాను.

"ఎందుకు తీసుకెలిపోతన్నారు పంతులమ్మా?" అంది చివరికి.

"మీరు చదవలేదనుకున్నారు."

"ఆ దొరకి తెలీదు, సరే. నాను ఆ రోజు నోరిప్పలేదు, అదీ సరే. మరి మీకు తెలుసు గదా?" అంది. గొంతులో దెప్పు లేదు. తెలియక అడిగింది. "మేం సదివేమని మీరు రాయొచ్చు గదా. మీకు రాయడం వొచ్చు గదా."

తలెత్తకుండా, "రాశానమ్మీ" అన్నాను.

చిన్నకోడలు చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది. ఆమె ముఖం తేటపడింది. నా మీద ఏ మూల అనుమానం ఉందో అది కూడా పోయినట్టుంది.

"రాసేరా! మరైతే సదవడం రానిది ఆలకేనమ్మా" అని, ఆఖరి పుస్తకం నా చేతికిచ్చి, పెట్టెకి తాడు కట్టడానికి నాతోపాటు వంగింది.